ఎస్తేరక్క వంటింట్లో చోటు

నిన్న సాయంత్రం వేలూరు నుంచి గుడియాత్తం వచ్చే బస్సులో షూ కంపెనీ ఆడవాళ్లు ఎక్కారు. నా పక్కన నిలబడిన ఆమె చేతుల నుంచి షూల అడుగు అట్టలు అంటించే జిగురు వాసన వచ్చింది. ఎంత సబ్బు రుద్దినా పోని ఘాటు వాసన. ఎస్తేరక్క చేతులకు ఎప్పుడూ అదే ఉండేది. దిగేదాకా నేను తల ఎత్తలేదు.

ఎస్తేరక్క గుడియాత్తంలో మా పక్కింటి ఆవిడ, ఆమెదీ షూ కంపెనీ పనే. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. మాదీ తెలుగే, వాళ్లదీ తెలుగే. మేము గుడికి, వాళ్లు చర్చికి. నేను వేలూరులో మేస్త్రీ పని చేస్తూ ఆదివారాలు ఇల్లు చేరేవాణ్ణి. కూతురు పుట్టాక ఇంకో బిడ్డ అప్పుడే వద్దనుకున్నాం. ఆ జాగ్రత్త నేనూ పడవచ్చు. పడలేదు. మూడు నెలలకోసారి వేసే సూది వేయించుకోమని నా భార్య కళావతికి చెప్పి ఊరుకున్నాను. రెండేళ్లు వేయించుకుని, తలనొప్పి ఓర్చుకోలేక మానేసింది. మానేస్తే అన్నీ సర్దుకుంటాయనుకున్నాం. మొదట చాలా నెలలు ముట్టే రాలేదు. వచ్చాక ఆగలేదు. నాలుగు రోజులు తెరిపి ఇచ్చి మళ్లీ మొదలయ్యేది. దువ్వెన నిండా జుట్టు. ముఖం పాలిపోయింది.

మా ఇంట్లో ముట్టు రోజుల్లో ఆడవాళ్లు వెనక వరండాలో ఉండాలి. చాప వేరు, కంచం వేరు, వంటింట్లో కాలు పెట్టకూడదు. మూడు రోజుల కోసం పెట్టిన ఆ కట్టుబాటు కళావతికి నెలల తరబడి సాగింది. మా పాప గడప దగ్గర నిలబడి, అమ్మ ఎప్పుడు లోపలికి వస్తుందని అడిగేది. "సూది నిలిపి ఎన్నాళ్లాయె? ఇంకా దాని మీదే చెప్తా ఉండాది. పని ఎగ్గొట్టే వేషం," అంది మా అమ్మ ఒకరోజు. నేను నవ్వాను. ఆ నవ్వు వరండాలోకి వినిపించింది.

ఒక ఆదివారం నేను వచ్చేసరికి వరండా ఖాళీగా ఉంది. పక్కింటికి పోయి చూస్తే, కళావతి ఎస్తేరక్క వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని చారుకు తాలింపు వేస్తోంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"యాడ నిలబడినావప్పా, లోపలికి రా," అంది అక్క.

"అది బయటుండాది కదక్కా."

"మా ఇంట్లో బయటనేది లేదు నాయనా. నేను లీవు పెట్టి దీన్ని ఆస్పత్రికి పిల్చుకోని పోయినాను. డాక్టరమ్మ ఏం చెప్పిందో అడగవా?"

అక్కే చెప్పింది. సూది నిలిపినా మందు పని వెంటనే పోదట. ఒళ్లు కుదుటపడటానికి ఏడాది కూడా పట్టవచ్చట. రక్తం మరీ తగ్గిపోయిందట, మాత్రలు ఇచ్చారట.

"దీని తప్పేమీ లేదు. కూర్చో, ఈ చారుతో రెండు మెతుకులు తిను," అని పీట జరిపి కంచం పెట్టింది.

కళావతి తలెత్తి నన్నే చూసింది. గోడ అవతల మా అమ్మ దగ్గింది.

"ఆకలి లేదక్కా," అని వచ్చేశాను.

ఆ తర్వాత రక్తం నిలిచేదాకా కళావతికి అన్నం పెట్టింది ఎస్తేరక్కే. నన్ను ఒక్క మాటా తిట్టలేదు. కొళాయి దగ్గర కనబడితే మాత్రం, "ఏమప్పా, ఈ పొద్దైనా ఆకలేస్తా ఉండాదా?" అని నవ్వేది. నేను బిందె వైపు చూసేవాణ్ణి. జ్వరంతో ఆమె పోయినప్పుడు సమాధి గట్టు నేనే కట్టాను. చెయ్యగలిగింది అంతే మిగిలింది.

ఇప్పుడు మా అమ్మ లేదు. కళావతికి నెలనెలా సరిగ్గానే వస్తోంది. అయినా ఆ రోజు రాగానే చాప తీసుకుని వరండాలోకి పోతుంది. ఎవరూ పొమ్మనరు. లోపలికి రమ్మంటే, ఇక్కడే అలవాటైపోయిందంటుంది. పోయిన నెల నేనే కంచం పట్టుకుపోయి ఆ చాప పక్కన కూర్చున్నాను.

కళావతి నా కంచం వైపు చూసింది.

"ఇప్పుడు ఆకలేస్తా ఉండాదా?" అంది.

అక్క మాటే. అక్క నవ్వు లేదు. తన కంచం తీసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది.