జిప్పుకు పూసిన నూనె

మొన్న గోరంట్ల బస్టాండులో నా సంచి జిప్పు సగంలో బిగుసుకుపోయింది. కళ్లద్దాలేమో సంచిలో, బస్సు బోర్డు చదవలేక నేను బయట. నా అవస్థ చూసి పక్కన కూర్చున్న పెద్దావిడ తన బుట్టలోంచి చిన్న సీసా తీసి, "రొంత నూనె పూయప్పా, జారుతాది" అంది. నేను వద్దమ్మా వద్దంటూ సంచి లాక్కున్న తీరుకు పాపం బిత్తరపోయింది. ఆమె తప్పేముంది? మా వైపు బిగిసిన దేనికైనా వేరుశనగ నూనే, మా మాటలో చెనిక్కాయ నూనే, మందు. కిర్రుమనే తలుపుకు అదే, కరిచే చెప్పుకు అదే, పిల్లల మాడుకు అదే, ముసలివాళ్ల మోకాలికీ అదే. మా అక్క కూడా అలాగే ఒక జిప్పుకు పూసింది. ఆ పూతకు మా బావ ఉద్యోగం పోయింది.

బావది నీళ్లలో మునిగే ఉద్యోగం. ఈ మాట చెబితే మా ఊళ్లో ఎవరైనా ముందు నవ్వేవాళ్లు. ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే చోట నీళ్లలో దిగి సంపాదించేవాడేమిటని! కానీ బావ చిన్నప్పుడు వాళ్ల చేను బావిలో నీళ్లుండేవి. అందులో ఈత నేర్చి, నౌకాదళంలో చేరి, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని అడుగుకు దిగే పని నేర్చాడు. అక్కడినుంచి బయటికొచ్చాక ఒక కాంట్రాక్టరు కింద ఉత్తరాది కొండల్లోని డ్యాములకు పోయి, నీళ్లలో ఉన్న గేట్లు బాగుచేసేవాడు. మంచు కరిగి వచ్చే నీళ్లవి. వాటిలో దిగాలంటే డ్రైసూట్ తొడుక్కోవాలి. మెడనుంచి పాదాలదాకా ఒకటే తొడుగు, ఒంటికి చుక్క నీరు తగలనివ్వదు. వీపున ఈ భుజం నుంచి ఆ భుజందాకా ఇత్తడి పళ్ల జిప్పు ఒకటి ఉంటుంది. మనిషి ప్రాణమంతా ఆ జిప్పు మీదే. మా అక్క దాన్ని రబ్బరు అంగీ అనేది. వానే లేని ఊళ్లో నీళ్లు తగలకుండా అంగీ ఎందుకని అమ్మలక్కలు ఎగతాళి చేస్తే మూతి తిప్పుకుని వచ్చేసేది. అప్పట్లో ఆమెకు మొగుడంటే ఎంత గర్వమో.

ఒక ఎండాకాలం బావ ఆ సూటుతో సహా ఇంటికొచ్చాడు. జిప్పు పళ్లు అరిగి, పక్కనున్న పట్టీ పీచులు లేచింది. కొత్త జిప్పు విదేశం నుంచి రావాలి. అది వచ్చేదాకా సూటు వెనక గదిలో కొయ్యకు వేలాడింది. అలాంటి జిప్పుకు మైనం తప్ప మరేదీ తగలకూడదట. ఆ ముక్క అక్కకు చెప్పాలని బావకు తోచలేదు. దాన్ని ముట్టుకునేవాళ్లు ఎవరుంటారులే అనుకున్నాడు. మా అక్కేమో, అంత ఖరీదైన రబ్బరు ఈ ఎండకు పగిలిపోతుందేమోనని భయపడింది. రోజూ తలకు రాసుకోగా అరచేతిలో మిగిలిన నూనెను జిప్పు వెంబడి శ్రద్ధగా పూసేది. బావ పొలం నుంచి వచ్చేలోపు పని అయిపోయేది. అదొక పని అని ఆమె అనుకోలేదు, అందుకే ఎవరికీ చెప్పనూ లేదు.

కొత్త జిప్పు వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. బావ ఇస్త్రీపెట్టె వేడితో పాతదాన్ని మెల్లగా ఊడదీశాడు. గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి, పంక్చరు షాపు వాసన కొట్టే జిగురు రెండు పూతలు పూశాడు. దాని మీద కొత్త జిప్పు పెట్టి అప్పడాల కర్రతో ఒత్తాడు. కర్ర పాడవుతుందని అక్క సణిగింది గానీ ఇచ్చింది. మర్నాడు పరీక్ష. గాలి ఎక్కడైనా పోతోందేమో చూడాలి. మెడలో చెంబు దూర్చి, చేతుల చివర్లలో సీసాలు పెట్టి కట్టి, సైకిలు పంపుతో గాలి కొడితే సూటు తలలేని చుట్టంలా వసారాలో ఉబ్బి కూర్చుంది. సబ్బు నీళ్లు పూయడానికి అక్క కొలిచినట్టు ఒక్క మగ్గు నీళ్లిచ్చి, మిగిలినవి కరివేపాకు చెట్టుకు పోయమంది. ఎక్కడా ఒక్క బుడగ లేవలేదు. బావ ముఖంలో అంత నవ్వు నేను మళ్లీ చూడలేదు.

వసారాలో నిలిచింది డ్యాములో నిలవలేదు. లోతుకు దిగి గేటు వైపు వంగగానే భుజం దగ్గర జిప్పు పట్టీ లేచిపోయిందట. మంచు నీళ్లు లోపలికి దూసుకొచ్చాయి. తాడు పట్టి పైకి లాగేసరికి మనిషి నీలం తిరిగి ఉన్నాడు. బతికాడు. తన సూటు తాను అతికించుకోలేనివాడికి గేట్లెలా అప్పజెప్పేదని కాంట్రాక్టరు నలుగురిలో అని పంపేశాడు. ఆ మాట తర్వాత ఇంకెవరూ పిలవలేదు.

ఇంటికొచ్చిన వారానికి బావ నన్ను చేను గట్టుకు తీసుకుపోయి ఒక్క మాట చెప్పాడు. "పట్టీ లేచిన కాడ ముక్కు పెట్టి చూసినానప్పా. చెనిక్కాయ నూనె వాసన. మనింటి వాసన. మీ యక్కకు మాత్రం చెప్పొద్దు, తట్టుకోలేదు." పాత జిప్పు చుట్టూ సూటు బట్టలోకి ఇంకిన నూనె మీద ఏ జిగురు నిలుస్తుంది? నేను సరేనన్నాను. అదొక గొప్ప మనసని ఆ రోజు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే తర్వాత మా అక్క నోటికి అడ్డు లేకుండా పోయింది. బావ ఒక గోడౌను గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. పెళ్లిలోనైనా చావులోనైనా, చుట్టాలు నలుగురు చేరితే చాలు, ఆమెకు అదే కథ. "ఒగ జిప్పు, ఒగే ఒగ జిప్పు అతికించేది చేతగాక బంగారట్లా పని పోగొట్టుకున్నాడు ఆయప్ప" అనేది. ఆ మాటకు చుట్టాలు నవ్వేవాళ్లు. బావ చెప్పులు వేసుకుని వీధిలోకి పోయేవాడు. ఎన్నిసార్లు నిజం నా నాలుక చివరిదాకా వచ్చిందో! గడప దాటుతూ బావ చూసే చూపు అడ్డుపడేది. ఆయన కాపాడింది ఎవరిని? అక్క మనసు కాపాడబోయి ఆమె నోటిని పెంచాడు. ఆమెకు మొగుడి మీద మిగలాల్సిన గౌరవమంతా ఆయన మౌనమే తినేసింది.

బస్టాండు నుంచి మొన్న నేరుగా వాళ్లింటికే వెళ్లాను. వసారాలో ఆ సూటు ఉంది. రబ్బరు జిగటబారి, నల్లటి మరకలు తేలింది. అక్క అరచేతిలో నూనె పోసుకుని జిప్పు వెంబడి పూస్తోంది. డెబ్బై దగ్గరపడిన బావ ఎదురుగా నిలబడి, ఆమెకు వీలుగా, రెండు భుజాలూ చాపి పట్టుకున్నాడు.

"ఏమప్పా అట్ల చూస్తావు? నేను నూనె పూసి కాపాడతాండాను కాబట్టి ఇంకా ఉండాది. ఈ మనిషికి వదిలేసింటే ఎప్పుడో పోయిండేది" అంది అక్క.

బావ నా వైపు చూడలేదు. సూటును కాస్త పైకెత్తి, ఆమె చెయ్యి అందని మూలను ఆమె ముందుకు తిప్పాడు.

కాలం గడిస్తే ఏదైనా ఎండిపోతుందని మా సీమవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. బావ ఈత నేర్చిన బావి ఎండింది, వాళ్లిద్దరి మధ్య మంచి మాట ఎండింది. అక్క పూసిన ఆ నూనె ఒక్కటే ఇన్నేళ్లయినా తడి ఆరలేదు.