పాలపిట్ట రెక్క రంగు పంకాలు

అప్పటికి ఐదేళ్లుగా నేను కట్టంగూర్‌లో మా ఇంట్లోనే కూర్చుని పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తున్నాను. పాత కంప్యూటర్ పెద్ద ఫైలు తెరిస్తే చాలు, మొండికేసేది. విడిభాగాలు కొనుక్కొచ్చి కొత్తది నేనే బిగించుకోవాలని నిర్ణయించుకున్నాను. వాటి కోసం హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒక దుకాణం మూలన దుమ్ముపట్టి ఉన్న కంప్యూటర్ క్యాబినెట్, అంటే విడిభాగాలు బిగించే పెట్టె, కంటపడింది. ఒక పక్క అద్దం. మిగతా రేకంతా అటు నీలమూ కాదు, ఇటు పచ్చా కాదు. చేత్తో దుమ్ము తుడిస్తే మెరిసింది.

“ఈ రంగు ఇప్పుడు వస్తలేదు మేడం, ఇదొక్కటే మిగిలింది” అన్నాడు దుకాణదారు. ఇక ఇంకోటి చూడలేదు.

ఇంటికొచ్చి అన్నీ బిగించాక లోపం కనిపించింది. లోపలి వేడిని బయటికి తోసే పంకాలు ఆరు, ఆరూ నల్లవే. అద్దంలోంచి చూస్తే పట్టుచీర మీద మసి మరకల్లా ఉన్నాయి. రోజుకు పది గంటలు దాని ముందే కూర్చోవాలి కదా, వాటికీ ఆ రంగే వేస్తే ఏం పోతుందనిపించింది.

నల్లగొండలో స్ప్రే డబ్బా కొన్నాను. దొరికినవాటిలో దగ్గరగా ఉన్న నీలం అది. వాకిట్లో పేపరు పరిచి మొదటి పంకాను విప్పకుండానే కొట్టాను. రంగు ఇరుసులోకి దిగింది. ఆరాక రెక్క కదల్లేదు. రెండోదాన్ని జాగ్రత్తగా విప్పి రెక్కల చక్రానికి మాత్రమే కొట్టాను. మా గొర్లదొడ్డి వైపు నుంచి గాలి వీచింది. దుమ్ము, నాలుగు ఉన్ని పోగులు తడి రంగు మీద అతుక్కున్నాయి. రంగు కారి ఒక రెక్క కొసన గట్టిపడింది. తిరిగి బిగించి, తిప్పి చూస్తే చేతిలోనే గురగురమని వణికింది.

బాపు, అంటే మా నాన్న, అప్పుడే గొర్లను తోలుకొచ్చాడు. నేను మెట్టు మీద తల పట్టుకుని కూర్చోవడం చూశాడు.

“ఏమైంది బిడ్డా?”

“రెండు ఖరాబైనయి బాపూ. రంగు గూడ కలుస్తలేదు.”

“హైవే పక్కన లారీలకు రంగులేసే అన్న ఉన్నడు గదా. ఆయన తానికి పోదాం పా.”

“లారీలకేసేటాయన గింత చిన్నవాటికి ఏస్తడా?”

“అడిగితే ఏం పోతది?”

ఆ షెడ్డు వెనక బీడులో బాపు గొర్లను మేపేవాడు. తాగునీళ్లకు షెడ్డుకే వెళ్లేవాడు. అలా ఇద్దరికీ ఏళ్ల స్నేహం. నేను మాత్రం ఆ పెద్దాయనను బస్సు కిటికీలోంచి చూడడమే. మరుసటి రోజు పొద్దున పంకాలు, క్యాబినెట్ వెనక రేకు సంచిలో వేసుకుని బాపుతో వెళ్లాను. అరవై దాటిన మనిషి, సన్నగా ఉన్నాడు. గోళ్ల చివర్లలో ఎన్నో రంగులు పాతుకుపోయి ఉన్నాయి.

“ఏంది బిడ్డా గిది?” అన్నాడు సంచిలోంచి ఒక పంకా తీసి.

“పంకా, పెద్దబాపూ. కంప్యూటర్ల ఉంటది.”

“కంప్యూటర్‌కు గూడ ఉక్కపోస్తదా?” అని నవ్వి, నోటితో ఊదాడు. రెక్కలు గిర్రున తిరిగాయి. ఆయన నవ్వు ఆగింది. చెవి దగ్గర పెట్టుకుని అది ఆగేదాకా విన్నాడు.

తర్వాత రేకును ఎండలోకి తీసుకెళ్లి అటూ ఇటూ వంచుతూ చూశాడు.

“పాలపిట్టను సూసినవా? కూసున్నది గాదు, ఎగిరేటిది. రెక్క ఇప్పితే లోపల కనవడే రంగు, గదే ఇది.”

రేకు వైపు చూశాను. సరిగ్గా అదే. మూడు వారాలుగా దాన్ని ఇంట్లో పెట్టుకుని ఉన్నా నాకది తట్టలేదు.

ఆయన ఒక చిప్పలో తెలుపు పోశాడు. నీలం కలిపాడు. పుల్లతో పసుపు చుక్కలు వేశాడు. చివరికి ఒక్క చుక్క ఎరుపు వేస్తుంటే ఆగలేక అడిగాను.

“ఎర్రది ఎందుకు పెద్దబాపూ?”

“వట్టి రంగైతే ప్లాస్టిక్ బొమ్మలెక్క కొడ్తది బిడ్డా. జర ఎదురు రంగు వడితేనే పానం వస్తది.”

నేను రంగులతోనే బతుకుతున్నదాన్ని. కానీ నాకు రంగంటే తెర మీద అంకెలే. ఆయన దగ్గర కొలత గ్లాసు కూడా లేదు. కలిపిన రంగు చుక్కను రేకు మూలన రాసి, ఎండలో పెట్టి, బీడీ ముట్టించుకున్నాడు.

“తడిది నమ్మొద్దు. ఎండినంకనే నిజం జెప్తది.”

మొదటి చుక్క ఎండాక ముదురుగా కనిపించింది. గుడ్డతో తుడిచేశాడు. రెండోది పచ్చగా తేలింది. మూడోది నా కళ్లకు సరిపోయినట్టే ఉంది, ఆయన ఒప్పుకోలేదు. నాలుగోది ఆరాక రేకు నా చేతికిచ్చాడు.

“యాడ రాసిన్నో సూపియ్యి.”

చూశాను. ఎండకు పెట్టాను, నీడకు పెట్టాను. కనిపించలేదు. కళ్లు మూసుకుని వేలితో తడిమితే ఒకచోట సన్నని అంచు తగిలింది. కళ్లు తెరిస్తే మళ్లీ మాయం. బాపు కూడా వంగి చూసి “అబ్బో” అన్నాడు, అంతే.

రెండు రోజులు పట్టింది. ఆగిపోయిన దాని బదులు నేను కొత్తది తెప్పించాను. వణికినదాని మీది రంగును ఆయన నీళ్లలో గరుకు కాగితంతో, అంటే వాటర్‌పేపర్‌తో మెల్లగా రుద్ది తీసేశాడు. రంగు అంటకుండా ఇరుసులకు మాస్కింగ్ టేపు చుట్టి, అడుగుపూతగా ప్రైమర్ పట్టించి, చక్రాలను తీగకు వేలాడదీశాడు. లారీలకు వాడే స్ప్రే గన్నుతోనే, దూరం నుంచి, మంచు పడ్డట్టు కొట్టాడు. ఒక పూత ఆరేదాకా ఇంకోటి లేదు.

అన్నీ ఆరాక ఆయన చేసిన పని ఎవరూ నేర్పింది కాదు. లావు పెన్ను రీఫిల్ గొట్టం ముక్కలో నూనె చుక్క వేసి, చక్రం ఇరుసును అందులో దూర్చి అడ్డంగా పట్టుకున్నాడు. చక్రం మెల్లగా తిరిగి, బరువున్న రెక్క కిందికి వచ్చి ఆగింది. ఆ రెక్క వెనక వాటర్‌పేపర్‌తో ఒక్కసారి రుద్దాడు. మళ్లీ పట్టాడు. ఎటు తిప్పి వదిలితే అటే నిలిచేదాకా ఆరింటికీ అలాగే చేశాడు.

“గిట్ల జెయ్యాల్నని నీకెట్ల ఎర్క పెద్దబాపూ?”

“మొన్న దాని సప్పుడు ఇన్న గదా. గింత తేలిగ్గ తిరిగేదానికి ఒక్కదిక్కు బరువైతే ఓర్సుకుంటదా?”

ఇంటికి తెచ్చి బిగించి, స్విచ్ వేశాను. చప్పుడు లేదు. పని చేయట్లేదేమోనని కంగారుగా అద్దం దగ్గరికి వంగాను. ఆరూ తిరుగుతున్నాయి. రెక్కలు కలిసిపోయి ఆరు నీలిపచ్చ వలయాలయ్యాయి. వాటికీ క్యాబినెట్‌కూ మధ్య ఎక్కడా తేడా లేదు.

ఆదివారం మధ్యాహ్నం బాపు ఆయనను ఇంటికి పిలుచుకొచ్చాడు. కాళ్లు కడుక్కుని నా కుర్చీలో కూర్చున్నాడు. అద్దంలోకి చూస్తూ మంచినీళ్ల గ్లాసు చేతిలోనే ఉంచుకున్నాడు.

“ఒకపారి బంజేసి మల్ల ఎయ్యి బిడ్డా.”

ఆపాను. వలయాలు విడిపోయి రెక్కలయ్యాయి. వేశాను, రెక్కలు మళ్లీ వలయాలయ్యాయి. మూడుసార్లు అలా చేయించాడు.

“లారీకి ఏస్తే అది రోడ్డెక్కి పోతది. నా రంగు ఉరుకుతుంటే కూసోని సూసుడు గిదే మొదలు” అన్నాడు. మా అమ్మ చాయ్ తెచ్చింది. ఆ చాయ్ చల్లారిపోయినా ఆయన అద్దం మీంచి చూపు తిప్పలేదు.

ఆ తర్వాత తెర మీద ఆ రంగుకు అంకెలు పట్టాలని చాలాసార్లు కూర్చున్నాను. దగ్గరిదాకా వచ్చాను. ఎప్పుడు పంకాతో పోల్చి చూసినా తెర మీదిదే వెలవెలబోతుంది.