సగం దాకా దిగే సినిమా

ఓపిక పట్టమని చెప్పేవాడికి, పట్టాల్సిన పని ఎప్పుడూ ఎదుటివాళ్ళదే. మా సందు చివర, మేడ మీది వాటాలో ఉండే మాటలావిడకు ఆ వారమంతా ఇంటిల్లిపాదీ కలిసి ఆ మందే పట్టారు. రోగం ఏమిటో మాత్రం ఒక్కరూ అడగలేదు.

మాటలావిడ అన్నది ఆవిడ పనిని బట్టి సందులో పడ్డ పేరు. వేరే భాషల సినిమాలకు మన మాటలు రాస్తుంది. తెర మీది మనిషి పెదవులు మూసిన చోట మన మాటలోనూ పెదవులు మూతపడాలి. వాడి నోరింకా ఆడుతుండగా మన వాక్యం అయిపోకూడదు. బొమ్మ ఎదురుగా లేకుండా అయ్యే పని కాదది. ఏళ్ళ తరబడి ఒక పెద్దమనిషికి చాటున రాసిపెట్టింది. రాత ఆవిడది, తెర మీద పేరు ఆయనది. ఇన్నాళ్ళకు ఒక స్టూడియో మేనేజరు సినిమా మొత్తం ఆవిడకే ఇస్తానన్నాడు, పేరుతో సహా. సినిమా దించుకోవడానికి లింకు పంపాడు. శుక్రవారం సాయంత్రంలోగా దించుకుని సరేననకపోతే ఇంకొకరిని చూసుకుంటానని కూడా చెప్పాడు.

ఆ సినిమా ఆవిడ కంప్యూటర్లోకి దిగనంటే దిగనంది.

అది ఏదో ఆఫీసువాళ్ళు పారేయబోయిన పాత కంప్యూటరు. లిఫ్టులు మరమ్మతు చేసే మరిది దాన్ని మోసుకొచ్చి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించి, వదిన బల్ల మీద పెట్టాడు. పైసా తీసుకోలేదు. ఊరికే వచ్చిన వస్తువుకుండే అసలు జబ్బు ఇదే, దాన్ని తిడితే తెచ్చినవాణ్ణి తిట్టినట్టు. అందుకని ఆవిడ చాలాకాలం పళ్ళ బిగువున పని లాక్కొచ్చింది.

పాటలు దిగేవి. చిన్న చిన్న సీన్లు దిగేవి. ఈ సినిమా మాత్రం సగం దగ్గరికొచ్చేసరికి తెర కొయ్యబారిపోయేది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. చేసేది లేక బటన్ నొక్కి ఆపి, మళ్ళీ వేస్తే దిగిన సగం మాయం. మళ్ళీ మొదటికి.

తప్పు నెట్‌దేనని మరిది తేల్చాడు. కొత్త వైరు లాగించాడు. సగం దగ్గర ఆగింది. ఇంట్లో ఫోన్లన్నీ ఆపించాడు. అయినా ఆగింది. ఆవిడ భర్త బస్సు డ్రైవరు. ఇంజను వేడెక్కి ఉంటుందని కంప్యూటరు పక్కన ఫ్యాను పెట్టాడు. బల్ల మీది కాగితాలు గదంతా ఎగిరాయి గానీ సినిమా దిగలేదు. ఇక అత్తగారు, కోడలు మీటల్ని పిండి దంచినట్టు దంచుతుందనీ, వస్తువును మర్యాదగా వాడితే అదే మాట వింటుందనీ తీర్పు చెప్పింది. యంత్రం చెడితే విచారణ దాన్ని వాడేవాళ్ళ మీద జరుగుతుంది. బిగించినవాడు మాత్రం న్యాయాధికారి కుర్చీలో కూర్చుంటాడు. ఏ ఇంట్లో చూసినా ఇదే వరస.

శుక్రవారం మధ్యాహ్నం తెర మరోసారి బిగుసుకుపోయింది. మరిది అప్పుడే అన్నం తిని వచ్చి, బటన్ నొక్కి ఆపి, ఈసారి ఇంకో రకంగా మొదలుపెడదాం అన్నాడు. ఆవిడ అతని చెయ్యి పక్కకు తోసింది.

"మొదలుపెట్టడం కాదు. దిగిన సగం ఎక్కడుందో చూపించు. మిగతా సగమే తెచ్చుకుంటాను."

"అది ఉండదు వదినా. ఆపగానే పోతుంది."

"ఎందుకు పోతుంది? నేను రాసుకున్నవి పోవట్లేదుగా?"

"అవి డిస్కులో ఉంటాయి. దిగేవి డిస్కు దాకా రావు." అతని గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "పాత డిస్కు కదా, అరిగిపోతుందని నేనే అలా పెట్టా. దిగేదంతా మెమరీలోనే ఉంటుంది. మెమరీ నిండితే డిస్కు వాడుకునే ఏర్పాటొకటి ఉంటుంది, అదీ తీసేశా. దాని మీద ఈగ వాలనివ్వలేదు."

ఆవిడ, మెమరీ ఎంత అని అడిగింది. చెప్పాడు. సినిమా ఎంత అని అడిగింది. అదీ చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. చెంబులో బిందెడు నీళ్ళు పోస్తూ వారం రోజులుగా కుళాయిని తిడుతున్నారన్నమాట.

"అంటే అది నిండగానే చస్తోంది. చచ్చినప్పుడల్లా దిగిందీ పోతోంది. మీరంతా నా చేతులు మంచివి కావన్నారు."

"నేననలేదు వదినా, అమ్మ అంది."

"నువ్వు విన్నావు కదా. డిస్కు మీదకి మార్చు."

"అది పోతే మళ్ళీ..."

"పోనీ. పనిచేసి పోనీ. పెట్టెలో దాచుకోవడానికి అదేమన్నా నగా?"

మరిది గొణుక్కుంటూ కూర్చుని మార్చాడు. దిగేది డిస్కు మీద పడేలా, తెగినా తెగిన చోటినుంచే అందుకునేలా పెట్టాడు. ఆవిడ కుర్చీ అతని వెనకే వేసుకుని, ఒక్కో ఆదేశం ఏమిటో ఎందుకో అడిగి మరీ కొట్టించింది. ఇక దీన్ని ఎవరి దయకీ వదలదలుచుకోలేదు.

డిస్కు గరగరలాడుతూ పని మొదలెట్టింది. సగం దాటింది. ఆ తర్వాత నెట్ నిజంగానే పోయింది. మరిది గెలిచినట్టు తలెత్తబోయి, వదిన మొహం చూసి దించుకున్నాడు. నెట్ వచ్చాక, ఆగిన చోటినుంచే తెర మీది లెక్క కదిలింది. ఎండ కిటికీ దిగిపోతుండగా సినిమా పూర్తిగా వచ్చింది.

అత్తగారు గుమ్మంలోంచి చూసి, "అందుకే అన్నాను, ఓపిక పడితే ఏదైనా అవుతుందని," అంది.

"ఓపిక పట్టినన్నాళ్ళూ కాలేదత్తయ్యా. ఇవాళ ఒళ్ళు మండి అడిగాను, అయింది."

అత్తగారు చిన్నకొడుకు వంక చూసింది. అతను ఏదో వైరు చుట్టడంలో మునిగిపోయాడు.

ఆవిడే మేనేజరుకు ఫోన్ చేసింది. అతను మర్యాదగానే, మీకు కుదరకపోతే ఇబ్బంది లేదు, ఇంకొకాయన సిద్ధంగా ఉన్నాడన్నాడు. ఆ ఇంకొకాయన ఎవరో ఆవిడ అడగలేదు. ఏళ్ళ తరబడి ఎవరి పేరు కింద రాసిందో ఆయనే అయి ఉంటాడని తెలుసు.

"ఆయనకు చెప్పేయండి, అక్కర్లేదని. సినిమా నా దగ్గరుంది. మొదటి సీను సోమవారం పంపుతాను. పేరు సంగతి మాత్రం ఇవాళే రాసి పంపండి."

అవతల కాస్త తడబాటు, తర్వాత సరేనన్న మాట. ఆవిడ ఫోను పెట్టేసి, మరిదిని గది బయటికి పంపి, తలుపు వేసుకుంది. తెర మీద ఎవరో నోరు తెరిచారు. బొమ్మను అక్కడే ఆపి, కాగితం ముందుకు లాక్కుంది.