చూడని సగానికి తీర్పు

సినిమావాళ్లు అతన్ని వెనకాల 'చేదుమాత్ర' అంటారు. ఆ సంగతి అతనికి తెలుసు, పైగా గర్వం. సినిమా చూసి సమీక్ష రాసి సైట్లో పెట్టడమే అతని బతుకుతెరువు. రాసే పద్ధతి మాత్రం సిగ్గుమాలినది. ఇంటర్వెల్ పడగానే బయట టీకొట్టు దగ్గర నిలబడి ఫోన్లో టకటకా కొట్టేస్తాడు: కథ రెండు ముక్కలు, కెమెరా ఫర్వాలేదు, పాటలు అంతంతమాత్రం, సెకండాఫ్ సాగదీత, క్లైమాక్స్ తేలిపోయింది. అందరికంటే ముందు పెట్టాలిగా! మిగతా సగం చూడటం దండగట. ఏం పొగరండీ!

ఆ శుక్రవారం పడింది సొంత బావమరిది తీసిన మొదటి సినిమా. మొదటి ఆటకి మంచి మాట రాకపోతే మర్నాటికి హాళ్లలోంచి పీకేస్తారు. భార్య పొద్దున్నే ముఖం మీదే చెప్పింది: "మా తమ్ముడు పొగడమని అడగట్లేదు. ఉన్నదున్నట్టు రాయండి, చాలు."

"నా పని నాకు నేర్పకు," అన్నాడు.

ముగ్గురూ కలిసే వెళ్లారు. ఇంటర్వెల్లో అతని ఫోన్ మోగింది. సైట్ ఓనరు.

"పక్క సైటువాడు పెట్టేసేలా ఉన్నాడు. నువ్వక్కడ గాడిదలు కాస్తున్నావా?"

అంతే, అలవాటైన వేళ్లు ఆగలేదు. చుట్టరికం చూశాడని ఎవడూ అనకూడదని ఒక స్టారు కోసేశాడు కూడా. పోస్టు చేసి, సిగరెట్ కాల్చి, తీరిగ్గా లోపలికి నడిచాడు.

హాల్లో లైట్లు వెలుగుతున్నాయి. ప్రొజెక్టర్ చెడిపోయి రెండో సగం మొదలే కాలేదు. ఈ బొమ్మ ఇంకే హాల్లోనూ అప్పటికి పడలేదు కూడా. జనం మెట్లమీద చేరి అతని సమీక్షే చదువుతున్నారు.

"మనకి వేయని క్లైమాక్స్ వీడికెవడు చూపించాడ్రా?" అని ఒకడు అరిచాడు. నవ్వులు, తిట్లు.

బావమరిది జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "తీసెయ్ బావా. సాయంత్రం ఆటకైనా నలుగురొస్తారు. నీకు దణ్ణం పెడతా, తీసెయ్."

చేదుమాత్రకి నిజంగానే సిగ్గేసింది. ఫోన్ తీశాడు. చెరిపేద్దామనుకునేంతలో ఓనరు మళ్లీ చేశాడు.

"ముట్టుకోకు! నిన్ను తిట్టడానికి జనం ఎగబడి వస్తున్నారు. మన సైటు ఇంత సందడి ఎన్నడూ చూళ్లేదయ్యా."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నా చేతుల్లో లేదురా," అన్నాడు.

భార్య తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "పద నాన్నా, మన అమ్మావాళ్లింటికి పోదాం. వాడి ముఖం చూడకు," అంది, మొగుడికి వినపడేలా.