తరగతి గది లేని ఎంబీఏ

ఎండాకాలం వచ్చిందంటే కావలిలోని మా కాలేజీలో ఎంబీఏ పాఠాలు చెప్పే మేమంతా ఊళ్ల మీద పడేవాళ్లం. కరపత్రాలు సంచిలో వేసుకుని, డిగ్రీ పూర్తిచేసిన పిల్లలున్న ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లి, 'మా కాలేజీలో చేరండి' అని బతిమాలడం మా ఉద్యోగంలో భాగం. ప్రైవేటు కాలేజీలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు, సెలవుల్లో లెక్చరర్లకు సెలవులుండవని. నేను మార్కెటింగ్ చెప్పేదాన్ని. గిరాకీ ఎలా పుట్టించాలో ఏళ్ల తరబడి బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పాను. తీరా నా పాఠానికే గిరాకీ లేకుండా పోయింది.

ఇది ఒక్క కావలి గోలే కాదు. ఏ సదస్సుకు వెళ్లినా అదే మాట. రెండేళ్లు ఉద్యోగం మానుకుని క్లాసులో కూర్చునే ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదట. పెద్ద పెద్ద దేశాల్లో కూడా ఏడాదిలో అయిపోయే కోర్సులూ, డేటాకూ ఫైనాన్సుకూ విడివిడి కోర్సులూ, పని చేసుకుంటూ తెర మీద చదివేవీ కావాలంటున్నారట. విదేశీ విశ్వవిద్యాలయాలు కూడా ఫోన్‌లోకి వచ్చేశాయట. ఒక సదస్సులో ఒకాయన ఇదంతా ఎంతో హుషారుగా చెప్పాడు. ఆయన జీతానికేం ఢోకా లేదు మరి.

మూడేళ్ల కిందట, వేసవికి ముందే మా యాజమాన్యం చెప్పేసింది, సీట్లు సగమైనా నిండకపోతే ఎంబీఏ ఎత్తేస్తామని. నా వంతుకు అల్లూరు వైపు ఊళ్లు వచ్చాయి.

అల్లూరు దాటాక రొయ్యల గుంటల పక్కన ఒక ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి పెద్దాయనకు గుంటలతో పాటు రొయ్యల మేత అమ్మే దుకాణం కూడా ఉంది. ఆయన కోడలు పెళ్లయ్యాక దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసింది. ఎంబీఏ చదవాలని ఆమెకు కోరిక, చదివించాలని ఆయనకూ కోరికే. ఇంతకంటే మంచి ఇల్లు దొరకదనుకుని, వాళ్లిచ్చిన మజ్జిగ తాగుతూ కూర్చున్నాను.

"చదువుకోమనే నేనూ చెప్తా ఉండా మేడం," అన్నాడాయన. "అయితే దినామూ బస్సెక్కి కావలికి పోయి రావడం ఎందుకంట? ఎంబీఏ ఫోన్లోనే ఉండాదంట గదా. సర్టిఫికెట్టు అదైనా ఇదైనా ఒకటేనంట. నిజమా కాదా, మీరే చెప్పండి."

నిజమే. కాదంటే అబద్ధమవుతుంది. "సర్టిఫికెట్టు విలువ ఒకటేనండీ. కానీ క్లాసులో పదిమందితో కూర్చుని, వాదించుకుంటూ నేర్చుకోవడం వేరు," అన్నాను.

"వాదించుకునేదానికి అంత దూరం పోవాల్నా? ఇంట్లో మేమంతా లేమా?" అని పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, అదీ నా ఖర్మ. "రొయ్యల రేటు ఫోన్లోనే చూస్తాం, మేత ఫోన్లోనే తెప్పిస్తాం. చదువొక్కటి బస్సులో పోయి తెచ్చుకోవాల్నా?"

ఆ మనిషి చెడ్డవాడైతే హాయిగా తిట్టుకుంటూ వచ్చేసేదాన్ని. కోడలికి కొత్త లాప్‌టాప్ కొంటానన్నాడు. మేడ మీద గది ఖాళీ చేయిస్తానన్నాడు. కరెంటు పోయినా ఇబ్బంది లేకుండా ఇన్వర్టరు పెట్టిస్తానన్నాడు. ఆయన ఒక్కొక్కటీ చెబుతుంటే గుమ్మం దగ్గర నిలబడిన కోడలి ముఖం చిన్నబోతూ వచ్చింది.

నన్ను సాగనంపడానికి ఆమె గేటు దాకా వచ్చింది. "ఇంటర్ తర్వాత నేను బెంచీ మీద కూచోలేదు మేడం. డిగ్రీ పుస్తకాలు కూడా వంటింట్లోనే చదివినా. మళ్లీ క్లాసులో కూచోవాలని ఉండాది. ఇంకొక్కసారి మా మామకు చెప్పరా?" అంది.

వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పాను. అల్లూరు నుంచి తోడుగా వచ్చే అమ్మాయిలున్నారన్నాను. వచ్చి క్లాసులు చూసుకోమన్నాను. పోనీ ఒక్క ఏడాది పంపి చూడమన్నాను. ఆయన ఓపికగా అంతా విన్నాడు.

"మీ కష్టం నాకు తెలస్తా ఉండాది మేడం. సీట్లు నిండకపోతే మీకు ఇబ్బంది గదా," అన్నాడు, ఎంతో జాలిగా.

కరపత్రాల సంచి భుజాన వేసుకున్నాను. ఆ తర్వాత ఏం మాట్లాడినా నా ఉద్యోగం కోసం మాట్లాడినట్టే ఉంటుంది. ఇంటింటికీ తిరిగి సీట్లు అమ్మేవాళ్ల మాటకు అంతకు మించి విలువ ఎక్కడిది? ఆ పిల్ల కోసమే అడుగుతున్నానని ఆయనను నమ్మించలేకపోయాననే బాధ నాకింకా పోలేదు.

ఆ వేసవి తర్వాత మా ఎంబీఏ మూతపడింది. ఆమె ఆన్‌లైన్‌లో చేరింది. నేను కూడా ఇప్పుడు వేరే విశ్వవిద్యాలయానికి ఇంట్లో కూర్చుని, లాప్‌టాప్ ముందు పాఠాలు చెబుతున్నాను. ఉన్నమాట చెప్పాలి, ఈ పద్ధతి లేకపోతే చదువే దొరకని వాళ్లు ఎందరో ఉన్నారు. ఆస్పత్రిలో షిఫ్టులు చేసే నర్సులు, చంటిపిల్లల తల్లులు నా దగ్గర చదువుతున్నారు. వాళ్లకిది వరమే. కానీ తెర మీద నాకు కనిపించేవి కెమెరాలు ఆపేసిన నల్లటి గడులు. వాటి వెనక ఎవరికి పాఠం అర్థమైందో, ఎవరు కునుకు తీస్తున్నారో తెలియదు. హాస్యమాడితే నవ్వారో లేదో కూడా తెలియదు.

మొన్నటి వేసవిలో పరీక్షల పర్యవేక్షణకు రమ్మని పాత కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే, మా ఎంబీఏ గదిని ఆన్‌లైన్ పరీక్షల కేంద్రంగా మార్చారు. బెంచీలు తీసేసి కంప్యూటర్లు వరసగా పెట్టారు. పక్కవాళ్లు కనబడకుండా మధ్య మధ్య చెక్క అడ్డాలు బిగించారు. ఆఖరి పరీక్ష రాయడానికి వచ్చినవాళ్లలో ఆ రొయ్యల గుంటల ఇంటి కోడలు ఉంది.

పరీక్ష కాగానే అందరూ వెళ్లిపోయారు. ఆమె మాత్రం ఆ అడ్డాల మధ్య అటూ ఇటూ తిరిగింది.

"మీరు పాఠాలు చెప్పింది ఈ గదిలోనేనా మేడం?"

"ఇక్కడే," అన్నాను.

"నా ఎంబీఏ అయిపోయింది మేడం. బాగానే రాసినా. నాతో ఎవరు చదివినారో ఒక్కరి మొకం కూడా నాకు తెలీదు," అని నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

బయట కారు హారన్ మోగింది. పెద్దాయన ఆమెను తీసుకెళ్లడానికి వచ్చాడు. ఆమె తలుపు వైపు వెళ్లకుండా గబగబా ముందు వరసలోకి వచ్చి ఒక కుర్చీలో కూర్చుంది.

"ఒక్క నిమిషం మేడం. అటెండెన్స్ తీసుకోండి," అంది. "నంబరు వద్దు. పేరు పెట్టి పిలవండి."

ఒకప్పుడు బోర్డు ఉన్న చోట నిలబడి ఆమె పేరు పిలిచాను. లేచి నిలబడి, "ప్రెజెంట్ మేడం," అంది. ఆ తర్వాత పిలవడానికి ఇంకో పేరు లేదు.