అర్బాబ్ మడత మంచం

ఒంటె వీపునూ మనిషి వీపునూ వేరువేరుగా సృష్టించి, దేని బరువు దానికి నిర్ణయించిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు.

ఆ కొలతను లెక్కచేయని వాళ్లు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. 2005లో దుబాయ్ నుంచి ఖోర్ ఫక్కాన్ వెళ్లే వ్యాన్‌లో కరీంనగర్ వైపు మనిషి ఒకడు నా పక్కన కూర్చున్నాడు. ఒళ్లో కొత్త మడత మంచం. అతని అర్బాబ్, అంటే అరబ్బు యజమాని, కొండల్లోకి వేటకు వెళ్తాడట. సామానంతా ఇతనే వీపున మోస్తాడట.

“అన్నింట్ల అల్కటిది ఏరిన భాయ్. దుకాణంల పండి గూడ చూసిన, కిర్రుమనలే,” అన్నాడు సంబరంగా.

“పడుకునేది నువ్వా, మీ అర్బాబా?”

“అర్బాబే. నాకు నేల లేదా?” అని నవ్వాడు.

“ఆయన ఏమాత్రం ఉంటాడు?”

నవ్వు ఆగిపోయింది. “నా అసొంటోళ్లు ఇద్దరంత.”

కాసేపు మంచం కాళ్లు తడిమాడు. “కిందటిపారి డేరా కర్ర ఇరిగితె, ఇంటికి వొయ్యే చుట్టీ ఖలాస్ అన్నడు. ఇది ఇరిగినా గంతే. నా బిడ్డ పుట్టినంక ఒక్కపారి గూడ సూడలే భాయ్.”

“నమాజు చేస్తాడా ఆ మనిషి?” కోపం ఆపుకోలేక అడిగాను.

“ముందు వరుసల్నే నిలవడ్తడు.”

దారిలో వ్యాన్ ఆగగానే అతను దిగిపోయాడు. “వాపస్ వోయి ఇనుపది తెస్త. నడుం పోతె పోనీ, చుట్టీ పోవద్దు,” అంటూ మంచం భుజానికెత్తుకుని, దుబాయ్ వెళ్లే బండ్ల కోసం రోడ్డు దాటాడు.

తన పడక తాను మోసుకోలేనివాడికి వేట ఎందుకు? నమాజు వరుసలో అలాంటివాడి భుజానికి భుజం ఆనించి నిలబడి, ఏమీ అడగని మనది ఏం జమాత్?

సోదరులారా, నాతో చేతులెత్తండి. యా అల్లాహ్, ఆ వీపు మీది బరువు దించు. ఆ బిడ్డను తండ్రి కళ్లకు చూపించు. ఆమీన్ అనండి.