ఎనిమిదిన్నరకు వచ్చే కొత్త సంవత్సరం

ఆమె అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా వినిపించదు. నీళ్ళ ఆఫీసులో అందరికీ ఆమె వానమ్మ. ఇరవై రెండేళ్ళ కిందట నీళ్ళు వడకట్టే ఇసుక పడకలు కడిగే పనికి చేరింది. అప్పట్లో వాన కొలిచే పెద్దాయనకు చూపు మందగించింది. గాజుగొట్టం ఆమె చేతికిచ్చి, "గీత ఎక్కడుందో నువ్వు చెప్పు, నేను రాసుకుంటాను" అన్నాడు. ఆయన వెళ్ళిపోయాక గాజుగొట్టం, రిజిస్టరు, వాన డబ్బా తాళంచెవి ఆమెకే మిగిలాయి.

వాన డబ్బా అంటే పెద్ద వింతేమీ కాదు. సిమెంటు దిమ్మ మీద మోకాలెత్తు గొట్టం, దాని నోట్లో గరాటు, అడుగున సీసా. సీసాలో చేరిన నీళ్ళు గీతలున్న గాజుగొట్టంలో పోసి, కళ్ళు నీటి మట్టానికి తెచ్చి చూడాలి. నీళ్ళు గాజు అంచున పైకి పాకినట్టు కనిపిస్తాయి. ఆ అంచును నమ్మకూడదు, నడుమ దిగిన చోటే చదవాలి. ఈ పని రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు జరగాలి. కూతురి పెళ్ళి నాడు కూడా జరిగింది. పెళ్ళి ఫొటోల్లో ఒకదాంట్లో పెళ్ళికూతురి తల్లి మోచేతి దాకా తడిసి ఉంటుంది. చూసినవాళ్ళు అంట్లు తోమి వచ్చిందనుకుంటారు.

దిమ్మ చుట్టూ గడ్డి ఆమే కోస్తుంది. గోడ పక్క చెట్టు కొమ్మ డబ్బా మీదికి వంగితే తనే ఎక్కి నరికింది. పిట్టలు గరాటు అంచున వాలకుండా ముళ్ళతీగ చుట్టింది. "వానను కాపలా కాస్తున్నావా, పిట్టల్ని తరుముతున్నావా?" అని ఆఫీసువాళ్ళు ఎగతాళి చేస్తే, "రెండూ ఒకటే పని" అనేది.

ఆఫీసు వెనక నేల పల్లంగా దిగుతుంది. ఆ పల్లంలో వాగు, వాగును ఆనుకుని ఒక వీధి. వానమ్మ కూతురు కాపురం ఉండేది అక్కడే. ఆమెకు తొమ్మిది నెలల పిల్ల. మబ్బు పడితే చాలు, ఆ పిల్ల తల్లి గుమ్మం దగ్గర ఒక సంచి పెట్టుకుంటుంది. అందులో పాలసీసా, మూడు జతల గుడ్డలు, టీకాల కార్డు ఉంటాయి. మొదట్లో వానమ్మ నవ్వేది. "సైరన్ ఉందిగా, ఎందుకే నీకీ కంగారు?" అనేది. ఒక రోజు లెక్కలో అరవై మిల్లీమీటర్లు దాటితే ఆఫీసు మీద సైరన్ మోగాలి. మోగించేది వానమ్మే. పెద్ద వాన నాడు గంట గంటకూ కొలిచి, గోడకున్న బొత్తాం నొక్కేది.

ఆర్నెల్ల కిందట దిమ్మకు పది అడుగుల దూరంలో కొత్త యంత్రం వచ్చింది. పైన గరాటు, లోపల తక్కెడలా రెండు చిన్న దోనెలు. ఒకటి నిండితే వంగి టిక్కుమంటుంది, ఆ లెక్క ఇంజినీరు బల్ల మీది తెరకు చేరుతుంది. బొత్తాం పక్కనే ఒక మీట కూడా బిగించారు. ఒక వైపు తిప్పితే సైరన్ చేతిదవుతుంది, మరో వైపు తిప్పితే యంత్రానిది. ఆర్నెల్లూ చేతి వైపే ఉంచి, కొత్త సంవత్సరం మొదటి రోజు నుంచి యంత్రం వైపు తిప్పాలని, పాత డబ్బా పీకేసి అక్కడ స్కూటర్లకు చోటు చెయ్యాలని ఆర్డరు వచ్చింది.

రెండు నెలలుగా యంత్రం తక్కువ చూపిస్తోందని వానమ్మ మూడుసార్లు చెప్పింది. ఎవరూ చెవిన వేసుకోలేదు. యంత్రం తాళంచెవి ఇంజినీరు దగ్గర ఉంటుంది.

పాత సంవత్సరం చివరి రోజు ఎవరూ అనుకోని వాన పడింది. మధ్యాహ్నం మొదలై చీకటి పడేదాకా కురిసింది. మర్నాడు ఎనిమిది గంటలకు ఇంజినీరు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. సెలవు మీద వేరే ఊరు వెళ్ళి అప్పుడే బస్సు దిగాడు. నేరుగా లోపలికి వెళ్ళి మీట యంత్రం వైపు తిప్పి, గడ్డపార భుజాన వేసుకున్న మేస్త్రీతో కలిసి దిమ్మ దగ్గరికి నడిచాడు. వానమ్మ అప్పటికే అక్కడ స్టూలు వేసుకుని కూర్చుంది. కూతురు చంకలో పిల్లతో, చేతిలో టీ ఫ్లాస్కుతో నిలబడి ఉంది.

"లేవండమ్మా. ఈ రోజు నుంచి ఇది లేదు, ఆర్డరు చూశారుగా."

"చూశాను సారూ. కొత్త సంవత్సరం నుంచి అని ఉంది. ఇంకా రాలేదుగా."

"అదేంటి? ఊరంతా పండగ చేసుకుని పడుకుంటే."

"ఊరికి వచ్చింది. వానకు రాలేదు. మన రిజిస్టరులో రోజు ఎనిమిదిన్నరకు మారుతుంది. మీరు చదువుకున్నారు, మీకు తెలియదా?"

ఇంజినీరుకు తెలుసు. ఈ పొద్దున కొలిచే నీళ్ళు నిన్నటివే అయినా ఈ తేదీ కిందే రాస్తారు. వాన లెక్కలో ఏ సంవత్సరమైనా పాతదాని తడితోనే మొదలవుతుంది.

"నన్ను పిలిచింది తవ్వడానికా, సంవత్సరం ఎప్పుడొస్తుందో తేల్చడానికా సారూ?" అన్నాడు మేస్త్రీ.

"కూర్చో తమ్ముడూ, టీ తాగు. అరగంటలో వస్తుంది."

మేస్త్రీ గడ్డపార గోడకు ఆనించి నిజంగానే కూర్చున్నాడు.

సరిగ్గా ఎనిమిదిన్నరకు వానమ్మ తాళం తీసి, సీసా ఎత్తి, గాజుగొట్టంలో వంచింది. నేల మీద మోకాళ్ళేసి చూసింది. "నలభై మూడు పాయింటు నాలుగు. మీరూ చూడండి."

ఇంజినీరు వంగి చూశాడు. తర్వాత ఫోన్ తీశాడు. "యంత్రంలో సున్నా పాయింటు ఆరు. చిరుజల్లు. మీ డబ్బా పాతదైపోయిందమ్మా, ఎక్కడినుంచో నీళ్ళు దిగుతున్నాయి."

"చిరుజల్లా?" అంది కూతురు. అప్పటిదాకా ఆమె మాట్లాడలేదు. "మా గడప ముందు చీలమండల దాకా నీళ్ళొచ్చాయండీ. పిల్లను ఎత్తుకుని రెండు గంటలు మంచం మీదే కూర్చున్నాను. ఇక నుంచి మీ సైరన్ మోగితే కదలాలా, మంచం తడిస్తే కదలాలా?"

ఇంజినీరు ఫోన్ జేబులో పెట్టాడు.

వానమ్మ కుళాయి దగ్గర చెంబు నింపుకొచ్చింది. యంత్రం గరాటులో సన్నగా, వాన పడ్డట్టే పోసింది. నలుగురూ చెవులొగ్గారు. టిక్కుమనలేదు. గరాటులో అప్పటికే నిలిచి ఉన్న నిన్నటి నీళ్ళ మీద అవీ చేరి అంచు పొర్లాయి. మేస్త్రీ తొంగి చూసి, "ఇదేదో కూర గిన్నెలా ఉంది అక్కా" అన్నాడు.

ఇంజినీరు తాళం తీసి, మరలు విప్పి, గరాటు తిరగేశాడు. సన్నటి రంధ్రంలో గట్టిపడ్డ మట్టి. వేలితో గోకితే ఊడివచ్చింది. మట్టి గూడు కట్టే కందిరీగ, రంధ్రాన్ని ఇల్లు చేసుకుంది.

"రెండు నెలల కిందటే శుభ్రం చేయించానే" అన్నాడు అతను, తనలో తనే.

"చేశారు. నేను చూస్తూనే ఉన్నాను. పైనున్న సోలార్ పలక తళతళలాడేలా తుడిచారు. పలక మురికైతే మీ తెర మీద ఎర్రదీపం వెలుగుతుంది కాబట్టి. గరాటుకు దీపం లేదుగా."

అతని మొహం మాడిపోయింది. మట్టిని గుప్పిట్లో పట్టుకునే గరాటు మళ్ళీ బిగించాడు. "సరే. ఇప్పుడు బాగైంది. ఇక సరిగ్గానే చూపిస్తుంది. డబ్బా తీసెయ్యొచ్చు."

వానమ్మ స్టూలు దిమ్మకు ఇంకాస్త దగ్గరగా లాక్కుని కూర్చుంది. "తియ్యనివ్వను."

"ఆర్డరమ్మా."

"ఆ ఆర్డరు పైకి చదవండి."

అతను చదివాడు. 'కొత్త యంత్రము సక్రమంగా పనిచేయుచున్నందున' అన్న చోట గొంతు తగ్గింది.

"ఆ ముక్క అబద్ధమని మీ చేతిలో ఉన్న మట్టే చెబుతోంది. ఈ రోజు కందిరీగ. రేపు సాలీడు, ఎల్లుండి రాలిన ఆకు. వాటికి మీ ఆర్డర్లు చదవడం రాదు. ఇక్కడ రెండు ఉండాలి. ఒకటి తప్పితే ఇంకోటి చెప్పాలి. ఒక్కటే ఉంటే అది తప్పిందని ఎవరికి తెలుస్తుంది?"

"పైవాళ్ళు నన్ను అడుగుతారు."

"నన్ను అడగమనండి. ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది నాకు. ఈ ఆరేళ్ళూ ఇక్కడే కూర్చుంటాను."

రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కొత్త పేజీ మొదటి వరుసలో 43.4 అని రాసింది. పక్కన, "యంత్రం గరాటులో కందిరీగ గూడు, ఇంజినీరు గారి ఎదుట తీయడమైనది" అని రాసి, పెన్ను అతనికి చాచింది. అతను గోడ వైపు చూశాడు, మేస్త్రీ వైపు చూశాడు, చివరికి ఆ తొమ్మిది నెలల పిల్ల వైపు చూశాడు. సంతకం పెట్టాడు.

"డబ్బా సంగతి పైకి రాస్తాను. ఏమంటారో చెప్పలేను" అన్నాడు.

"రాయండి. రాయడానికి రోజులు పడతాయి. వానకు పట్టవు."

ఆమె లేచి లోపలికి నడిచింది. వెనకే అతనూ వచ్చాడు. గోడకున్న మీటను పట్టుకుని చేతి వైపుకు తిప్పింది. అది కాస్త బిగుసుకుని, గట్టిగా చప్పుడు చేసి తిరిగింది.

"అది తిప్పే అధికారం మీకు లేదమ్మా" అన్నాడు ఇంజినీరు. మందలింపులా లేదు, చెప్పాలి కాబట్టి చెప్పినట్టుంది.

"లేదు. నేనే తిప్పానని అదీ రాసుకోండి, సంతకం పెడతాను" అని వానమ్మ ఆ మీటకూ అతనికీ మధ్య నిలబడి, అతను కాగితం తీసేదాకా కదలకుండా చూసింది.